సమ్మె డేరాలో నిలబడ్డ సత్యవ్వ

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. గోడ మీద రాసిపెట్టింది కాదు, ఏ కాగితంలోనూ లేదు. అయినా కోరుట్లలో ఆ వాడ ఆడవాళ్లందరికీ తెలుసు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వచ్చినవాళ్లు వరుసలో గొంతుక్కూర్చోవాలి. తమ వంతు వచ్చేదాకా లేవకూడదు. ముందున్నవాళ్లు జరిగితే, కూర్చున్నచోటి నుంచే గంపను చేత్తో నెట్టుకుంటూ తామూ జరగాలి. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు లక్ష్మీరాజం ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని ఒక్కొక్క కట్ట విప్పి చూసేవాడు. రెండు గంటలు పట్టవచ్చు, మూడు గంటలు పట్టవచ్చు. నడుము పట్టేసి ఎవరైనా లేచి నిలబడితే తల ఎత్తకుండానే అనేవాడు: "నీ గంప ఎనుకకు పోయిందే."

గంప వరుస చివరికి పోయిందంటే మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి. ఇంట్లో పొయ్యి వెలగదు. మరునాటి ఆకు తడపడం ఆలస్యమవుతుంది. అందుకని ఎవరూ లేవరు.

సత్యవ్వ ఇరవై రెండేళ్లు అట్లాగే కూర్చుంది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. కుర్చీలో ఉన్న మగవాడి తల కంటే ఆడదాని తల ఎత్తున ఉండొద్దన్నదే ఆ కట్టుబాటు వెనకున్న అసలు సంగతి. అది అన్యాయమని తెలియడానికి చదువు అక్కరలేదు. కానీ రోజూ అదే వేళకు జరిగే అన్యాయం పొద్దు పొడిచినంత మామూలుగా కనిపిస్తుంది. సత్యవ్వకూ అట్లాగే కనిపించింది.

ఇంటి దగ్గరా కూర్చోవడమే. ఒళ్లో చేట, ఒక కాలు మడత, ఒక కాలు చాపు, మెడ వంపు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి. ఇరవై ఐదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలైతే ఒక రోజు. మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగేది కాదు. దీన్ని కూర్చొని చేసే పని, సుఖమైన పని అనేవాళ్లు ఒక్కపూట ఆ చేట ఒళ్లో పెట్టుకొని చూడాలి.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఆమె నడుము ఎదురుతిరిగింది. నడుములో మొదలైన నొప్పి పిరుదు దాటి, తొడ వెనక నుంచి ఎడమ పిక్కలోకి దిగింది. తుమ్మితే కరెంటు కొట్టినట్టయ్యేది. వాడలో తెలిసిన వైద్యాలన్నీ అయ్యాయి. బిరుసుగా ఉన్న ఆకును తడి గోనెలో చుట్టి మీద బండ పెడితే మెత్తబడుతుంది కదా, నడుమూ అట్లాగే మెత్తబడుతుందనుకొని తడి గోనె చుట్టుకొని పడుకుంది. బండకు బదులు పక్కింటి లింగవ్వ ఎక్కి నడిచింది. లింగవ్వ సన్నగా ఉండే మనిషి కాదు. మరునాడు సత్యవ్వ మంచం దిగలేదు.

వాడలో సూదులు వేసే నరేశ్ వారం రోజులు సూదులు వేశాడు. తర్వాత జగిత్యాలలో చూపించారు. నడుముకు స్కానింగు ఫిలిం తీయించారు. ఆ ఫిలిం పట్టుకొని నరేశే పట్నంలో ఒక ప్రైవేటు దవాఖానాకు పంపించాడు. అక్కడి డాక్టరు ఫిలింను వెలుగుకు పెట్టి చూశాడు, మనిషిని చూడలేదు. డిస్కు జారింది, కోయాలి అన్నాడు. సెప్టెంబరు ఇరవై ఆరున రమ్మన్నాడు.

"కొయ్యకుంటె ఏమైతది?" అని అడిగింది నరేశ్‌ను.

"కాలు పడిపోతది."

"కోసినంక ఎన్ని దినాలకు చేట పట్టుకోవచ్చు?"

"ఆరు నెలలు కూసునుడు బంద్. తర్వాత సుత బీడీల పని మర్చిపో అక్కా."

ఇన్నాళ్లూ నొప్పితోనే కొన్ని కట్టలైనా చుట్టి ఇస్తూ వచ్చింది. మూడు నెలలు బీడీలు ఇవ్వకపోతే కార్ఖానాలో కార్డు ఇంకొకరి పేరు మీదికి పోతుంది. ఆ కార్డు మీదే ముసలితనపు పింఛను. ఇరవై రెండేళ్లు గొంతుక్కూర్చొని సంపాదించుకున్నది అదొక్కటే. కాలా, కార్డా? మగడు చంద్రయ్య ఇండ్లు కట్టే సుతారి మేస్త్రీల దగ్గర సిమెంటు మాలు కలిపేవాడు. "కార్డు పోతె పోనియ్యే, కాలు ఉండాలె గని," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ కార్డులో ఉన్నది తన ఒంటి ముక్క అని సత్యవ్వ అతనికి చెప్పలేకపోయింది.

సెప్టెంబరు పదమూడున తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడులు మూతపడ్డాయి, వారం తిరక్కుండా బస్సులు ఆగిపోయాయి. ఆకు లారీలు రాక కార్ఖానా కూడా మూతపడింది. ఇరవై ఆరో తేదీ వచ్చింది, పోయింది. పట్నం పోవడానికి బస్సు లేదు. బస్సులు నడిచి ఉంటే సత్యవ్వ నడుము మీద ఈపాటికి కుట్లు ఉండేవి.

తహసీలు ఆఫీసు ముందు రోడ్డు మీద డేరా వేశారు. సమ్మెలో ఉన్న పంతుళ్లు రోజూ ఉండేవాళ్లు, వాళ్లతోపాటు రోజుకో పనివాళ్లు వచ్చి దీక్షలో కూర్చునేవాళ్లు. ఒకనాడు వకీళ్లు, ఒకనాడు రోడ్డు మీదే గడ్డాలు గీసిన మంగలివాళ్లు, ఒకనాడు కుమ్మరులు. సెప్టెంబరు చివర బీడీ కార్మికుల వంతు వచ్చింది. ఆడవాళ్లు చేటలు పట్టుకొని బయలుదేరారు. సత్యవ్వ కూడా పోయింది. వద్దని చంద్రయ్య అంటే, "తెలంగాణ వచ్చినంక నువ్వెక్కడున్నవే అని అడిగితె ఏం చెప్పాలె, మంచంల ఉన్న అని చెప్పాల్నా?" అన్నది.

పోయింది గానీ కూర్చోలేకపోయింది. డేరా గుంజను పట్టుకొని నిలబడింది. పేపరు ఫోటో తీసే మనిషి వచ్చాడు. మైకులో ఎవరో, "అక్కా, గా గుంజ కాడి అక్కా, జర కూసోండ్రి," అన్నారు.

"అందరు దీక్షల కూసుంటె మా వదినె దీక్షల నిలబడ్డది," అన్నది లింగవ్వ. "రేపు పేపర్ల గామె ఒక్కదాని పేరే అత్తది సూడుండ్రి!"

డేరా అంతా నవ్వింది. సత్యవ్వా నవ్వబోయి నడుము పట్టుకుంది.

మెడలో బంతిపూల దండతో పంతుళ్ల మధ్య కూర్చున్న ఒక మనిషి మాత్రం నవ్వలేదు. ఆయన పేరు సంజీవ్. కాళ్లు చేతులు సరిగా రాని బడిపిల్లలకు కసరత్తులు నేర్పే ఫిజియోథెరపీ సారు. బడులు లేవు గనుక పంతుళ్లతోపాటు సమ్మెలో ఉన్నాడు.

"అక్కా, నొప్పి ఎడమ కాలుకా?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు సారూ?"

"కుడి దిక్కు ఒరిగి నిలబడ్డవ్ గదా."

ఆయన లేవబోతుంటే పక్కనున్న హెడ్మాస్టరు దండ పట్టి ఆపాడు. "ఏమయ్యా సంజీవూ, సమ్మెల ఉండి డ్యూటీ జేత్తున్నవా? చెయ్యి పెట్టినవంటె సమ్మె ఇరిగినట్టే!"

"చెయ్యి పెట్ట సార్, నోరే వాడుత. మీరు పొద్దటిసంది మైకుల మాట్లాడుతలేరా?"

సంజీవ్ తన చోటే కూర్చొని సత్యవ్వను మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిపించాడు. ఒంటికి పోయేటప్పుడు ఆపుకోలేకపోవడం గానీ, ఆ చోట తిమ్మిరి గానీ ఉందేమో లింగవ్వ చేత చెవిలో అడిగించాడు. ఏదీ లేదు. ఫిలింలో ఏమన్నారో విన్నాడు.

"అక్కా, బీడీలు చుట్టే పదిమందిని ఫిలిం తీస్తె సగం మందికి గిట్లనే కనవడతది. అందరిని కోస్తమా? నీ కాలుల బలం ఉన్నది. కోసే ముందు కసరత్తుకు జర మోకా ఇచ్చి చూద్దాం."

"అయితె చూడు సారూ."

"నేను సమ్మెల ఉన్న. చెయ్యి పెట్ట అన్న గదా. నువ్వే చెయ్యాలె."

"చెయ్యి పెట్టవు, సూదియ్యవు, గోలియ్యవు. ఎట్ల తగ్గుతది?"

"నడుము ఎవలది అక్కా?"

"నాది."

"మల్ల పని ఎవలు చెయ్యాలె?"

సత్యవ్వకు ఆ మాట దెబ్బలా తగిలింది, కానీ మంచి దెబ్బే. ఇన్ని నెలల్లో ఆ నడుము ఆమెదని అన్న మొదటి మనిషి ఆయనే.

నడిరోడ్డు మీద ఆడమనిషి బోర్లా పడుకునేది ఎట్లా? లింగవ్వ జై తెలంగాణ బ్యానరు విప్పి రెండు గుంజల మధ్య పరదా కట్టింది. పరదా ఇవతల సంజీవ్, అవతల జంబుఖానా మీద సత్యవ్వ, మధ్యలో వార్తలు మోసే లింగవ్వ.

"బోర్లా పండుకోమను."

"పండుకున్నది సారూ."

"మోచేతుల మీద రొమ్ము లేపమను. పొట్ట, తుంటి నేలకే ఉండాలె. ఊపిరి ఇడిసి మెల్లగ దిగుమను."

"లేపింది. మూతి సుత లేపింది సారూ, నొస్తుందంట!"

"కాలుల నొస్తుందా, నడుములనా?"

"నడుములనంట."

"మంచిదే. పది సార్లు, పొద్దున ఒకపారి, మాపున ఒకపారి. గంతే. ఇంక జర నడువాలె. ఇగ కూసునుడు, అర్ధగంట దాటొద్దు."

"గడియారం చూసుకుంట బీడీలు ఎవలు చుడుతరు సారూ?" పరదా వెనక నుంచి సత్యవ్వ గొంతు.

"అర్ధగంటల ఎన్ని కట్టలు చుడుతవ్?"

"రెండు."

"అయితె రెండు కట్టలకోపారి లేసి నిలబడు. ఎనుకకు వంగు. నీళ్లు తాగు."

అక్కడితో అయిపోవాల్సింది. కానీ బీడీలు చుట్టేవాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి సత్యవ్వ చేసింది. సారు పది అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేతులకు పది అనే లెక్కే లేదు. ఇరవై ఐదు దగ్గర తప్ప ఏదీ పూర్తయినట్టు ఉండదు. పది దగ్గర ఆపితే కట్ట కట్టకుండా లేచినట్టనిపించింది. పొద్దున ఒక కట్ట చేసింది. ఒకటి చేస్తే ఇంత నయమైతే నాలుగు చేస్తే ఎంత నయం అనుకొని మాపటికి నాలుగు కట్టలు ముగించింది. మరునాడూ అంతే. మూడో నాడు మంచం పట్టె పట్టుకొని కూడా లేవలేకపోయింది.

చంద్రయ్య భయపడి నరేశ్‌ను పిలిచాడు.

"నేను చెప్పలే? గా పంతులు చెప్పిన డ్రిల్లు జేత్తె గిట్లనే అయితది. ఇగ ఆగద్దు చంద్రన్నా. రోగి ఉన్నదని అద్దం మీద రాసుకొని పోతె జీపును ఎవలు ఆపరు. రేపు పొద్దుగాల్ల పోదాం."

చంద్రయ్య జీపు మాట్లాడటానికి బయలుదేరాడు. సత్యవ్వ వెల్లకిలా పడుకొని దూలం వైపు చూస్తూ ఉంది. రేపు జీపు ఎక్కితే దిగేది కత్తి కిందనే. తిరిగొచ్చేసరికి గంప ఉండదు, కార్డు ఉండదు. నేనే చేసుకున్నానా ఇది? లింగవ్వను పిలిచింది. "డేరా కాడికి ఉరుకు. సారును ఒక్కసారి రమ్మను. చెయ్యి పెట్టకున్నా మంచిదే అను."

సంజీవ్ మెడలో దండ తీయకుండానే వచ్చాడు. మళ్లీ పాదాలు పైకెత్తమన్నాడు, కిందికి నొక్కమన్నాడు, అవే ప్రశ్నలు అడిగించాడు. తర్వాత అడిగాడు:

"దినాం ఎన్ని చేసినవ్ అక్కా?"

"నాలుగు కట్టలు."

"అంటె?"

"నూరు."

"నేనేమో ఇరవై చెప్పిన. నువ్వు కార్ఖానాకు అప్పజెప్పేతందుకు చేసినవా?"

మంచంలో ఉండి కూడా సత్యవ్వకు నవ్వొచ్చింది.

"ఇప్పుడు నొప్పి ఏడున్నది? సోచాయించి చెప్పు."

"నడుముల సారూ. మండుతున్నది."

"పిక్కల?"

ఆమె చేత్తో పిక్క తడుముకుంది. ఒత్తి చూసింది. ఇంకోసారి ఒత్తింది. "పిక్కల లేదు సారూ. తొడల సుత లేదు!"

"గదే నాకు కావాలె. కాలుల దిగిన నొప్పి కాలు ఇడిసిపెట్టి నడుములకు ఎక్కిందంటె పోయే తొవ్వ పట్టినట్టే. రెండు దినాలు ఆగి మల్ల షురూ చెయ్యి. పదే. పదకొండోది చేసినవంటె నేను రాను."

గడపలో నిలబడ్డ నరేశ్, "రేపు కాలు పడిపోతె జవాబు ఎవలిది సారూ?" అన్నాడు.

సంజీవ్ ఆ మాట కొట్టిపారేయలేదు. "మంచిగ అడిగినవ్. అక్కా, ఇను. కాలు బలం తగ్గినా, పాదం ఈడ్చినట్టయినా, ఒంటికి ఆగకున్నా, గా చోట తిమ్మిరెక్కినా గంట ఆగద్దు. గప్పుడు కొయ్యాలెనంటె కొయ్యాల్సిందే. నేనే జీపు ఎక్కిస్త. అవి లేనప్పుడు తొందరెందుకు?"

చంద్రయ్య తిరిగొచ్చాడు. "పొద్దున అయిదు గంటలకు అత్తదట జీపు," అన్నాడు.

"వద్దని చెప్పి రా," అన్నది సత్యవ్వ.

"ఏందే?"

"నడుము నాది. జీపు వద్దు."

అంత నెమ్మదిగా, అంత గట్టిగా ఆమె మాట్లాడటం చంద్రయ్య ఎన్నడూ వినలేదు. చెప్పులు వేసుకొని జీపు వద్దని చెప్పడానికి పోయాడు.

పదే చేసింది. పది దగ్గర ఆగడం ఆమెకు పదకొండోది చేయడం కంటే కష్టమైంది. వారానికి గిన్నెలు కూర్చోకుండా తోమే ఉపాయం పట్టింది. పది రోజులకు వాడ చివరిదాకా నడిచి వచ్చింది. మిగిలిన ఆకుతో వాకిట్లో చేటలు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య గోడకు ఆని కూర్చొని, రెండు కట్టలు కాగానే "లెవ్వుండ్రే!" అని కేక వేసేది. మొదట లింగవ్వ ఒక్కతే లేచింది, తర్వాత నర్సవ్వ, పద్మ, ఆ తర్వాత వాకిలంతా. ఆరుగురు ఒక్కసారే నడుముల మీద చేతులు పెట్టుకొని వెనక్కి వంగుతుంటే పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "చూడుండ్రి, చూడుండ్రి, మీ అవ్వలకు సుత చెప్పుండ్రి," అనేది లింగవ్వ.

బస్సులు కదిలాక సత్యవ్వ సంజీవ్ చెప్పినట్టే జగిత్యాల పోయి సర్కారు డాక్టరుకు చూపించుకుంది. ఆ డాక్టరు ముందు ఆమెను నడిపించి, తర్వాతే ఫిలిం చూశాడు. ఇప్పుడు కోయాల్సిన పని లేదు, చేస్తున్నదే చెయ్యమన్నాడు. ఆమె ఆ ఫిలింను తెచ్చి దూలానికి చెక్కింది.

నవంబరులో కార్ఖానా తెరిచారు. సత్యవ్వ గంప నాలుగోది. అందరూ గొంతుక్కూర్చున్నారు. ఆమె గోడ పక్కన నిలబడింది.

లక్ష్మీరాజం ఈసారి తల ఎత్తాడు. "ఏందే సత్తెవ్వా, కొత్త పెళ్లికూతురు లెక్క నిలబడ్డవ్?"

"నడుము బాగలేదు సేటూ. నిలబడే ఇస్త."

"నీ గంప ఎనుకకు పోయిందే."

"పోనియ్యి. ఆడ సుత నిలబడే ఉంట."

అతను లేచొచ్చి ఆమె గంపను కాలితో నెట్టుకుంటూ వరుస చివరికి తీసుకుపోయాడు. సత్యవ్వ గంప వెనకే పోయి నిలబడింది. నడుము నిలువుగానే ఉంది.

అప్పుడు లింగవ్వ లేచింది. తన గంప ఎత్తుకొని పోయి సత్యవ్వ గంప వెనక పెట్టింది. నర్సవ్వ లేచి లింగవ్వ వెనక పెట్టింది. ఆ తర్వాత పద్మ. ఎవరూ అరవలేదు, నినాదం ఇవ్వలేదు. ఒక్కొక్క గంప లేచి వెనక్కి పోతూనే ఉంది. లక్ష్మీరాజం కుర్చీ ముందు చోటు ఖాళీ అయ్యింది. ముప్పై గంపలూ తిరిగాక చూస్తే, అందరికంటే ముందున్నది సత్యవ్వ గంపే. ముప్పై మంది ఆడవాళ్లూ నిలబడే ఉన్నారు.

"సమ్మె అయిపోయింది గదనే!" అన్నాడు లక్ష్మీరాజం. గొంతులో మునుపటి బింకం లేదు.

"పెద్ద సమ్మె అయిపోయింది సేటూ," అన్నది లింగవ్వ. "మాది ఇప్పుడే షురూ అయింది. కట్టలు ఇప్పు, పొద్దు పోతున్నది."

అతను కట్టలు విప్పాడు. ఆ నెల దాటకముందే గోడ పొడవునా రెండు బల్లలు వచ్చాయి. కూర్చోగలిగినవాళ్లు కూర్చుంటారు, నిలబడాల్సినవాళ్లు నిలబడతారు. సత్యవ్వ కార్డు సత్యవ్వ దగ్గరే ఉంది.

ఆమె బిడ్డ కళ్యాణిని సిరిసిల్లలో ఇచ్చారు. అక్కడ బట్ట నేసే సాంచెల షెడ్డులో పీట మీద కూర్చొని నూలు కండెలు చుడుతుంది. ఈ రెండు వేల పన్నెండు సంక్రాంతి దాటాక ఫోన్ చేసి, "అవ్వా, నాకు సుత నడుము గుంజుతున్నది," అన్నది. సత్యవ్వ మరునాడే బస్సెక్కింది. సాంచెల చప్పుడులో మాట వినబడదు గనుక, షెడ్డులోకి పోయి బిడ్డ భుజం తట్టి లేపింది. ఆ తర్వాత పక్క పీట మీది పిల్లను. గంపెడు కండెలకోసారి లేవాలని చేత్తో సైగ చేసి చూపించింది. పదివేళ్లూ విప్పి, "పదే!" అని కేక వేసింది.

తెలంగాణ ఇంకా రాలేదు. వస్తుంది. ఈ లోగా చేయాల్సిన పని మన వాకిట్లోనే ఉంది. మీ వాడలో బీడీ కార్ఖానా ఉంటే, కండెలు చుట్టే షెడ్డు ఉంటే, రేపు పోయి అక్కడి ఆడవాళ్లు ఎట్లా కూర్చున్నారో మీ కండ్లతో చూడండి. బల్ల లేకపోతే అడగండి. లేవొద్దంటే, వాళ్లతోపాటు మీరూ నిలబడండి. మీ మండల దవాఖానాకు పోయి, నడుము చూసి కసరత్తు నేర్పే మనిషి ఇక్కడ ఉన్నారా అని అడగండి. లేరంటే అర్జీ రాసి, వాడంతా వేలిముద్రలు వేసి ఇవ్వండి. నడుము నొప్పితో ఎవరైనా ఆపరేషనుకు తేదీ తీసుకొని ఉంటే, పోయేముందు ఇంకొక డాక్టరుకు, ఫిలిం ఒక్కటే కాదు మనిషిని కూడా చూసే డాక్టరుకు, చూపించమని చెప్పండి. పాదం ఈడుస్తుంటే, ఒంటికి ఆగకపోతే మాత్రం ఒక్క గంట కూడా ఆపకండి.

ఇది చదవడానికి ఎంతసేపటి నుంచి కూర్చున్నారో, రెండు కట్టల పొద్దు అయి ఉంటుంది. ముందు మీరు లేవండి. లేచి, పక్కింట్లో చేట ముందు వంగి ఉన్న మనిషిని లేపండి.